శ్రీశైలంలో కుక్కర్ కూత

మొన్న మావాడు ఫోన్ చేసి, "మా, ఈ సెలవలకు మేం యాడికీ పోము. ఇంట్లోనే ఉండి మజా చేస్తాం. టికెట్లు ల్యా, రూములు ల్యా, రోజుకో స్పెషల్ చేసుకొని తింటాం" అన్నాడు. "చేసేదెవరప్పా?" అన్నాను. "ఎవరేంది మా, మీ కోడలే" అన్నాడు, అదేదో అడగాల్సిన ప్రశ్నే కాదన్నట్టు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాడి మీద కాదు, పక్క కుర్చీలో ఏమీ ఎరగనట్టు పేపరు చదువుతున్న వాళ్ల నాయన మీద. ఎందుకంటే ఆ మాటలు మావాడి సొంతం కావు. చాలా ఏళ్ల కిందట ఒక ఎండాకాలం, ఇదే కర్నూలులో, ఇదే హాల్లో ఈయన నోటి నుంచి పొల్లుపోకుండా విన్నవే.

మా ఇల్లు బస్టాండుకు దగ్గర. ఇల్లు కొనేటప్పుడు అదేదో పెద్ద వరమన్నట్టు చెప్పారు. ఊళ్ల నుంచి ఆసుపత్రికి వచ్చేవాళ్లు, పెళ్లి బట్టలకు వచ్చేవాళ్లు, కోర్టు వాయిదాకు వచ్చేవాళ్లు, అందరూ మా ఇంట్లో చెయ్యి కడిగే పోతారు. ఆ ఏడాది సెలవలకు మావాడు అమ్మమ్మ ఊరికి పోయాడు, నాకేమో నడుము పట్టేసింది. నాలుగు రోజులు ఎక్కడికైనా పోదామని, ఎవరైనా వడ్డిస్తే వేడివేడిగా కూర్చుని తినాలని ఉందని నోరు తెరిచి అడిగాను. ఈయన బాగా ఆలోచించి, పైసా ఖర్చు లేని ఉపాయం కనిపెట్టారు. శ్రీశైలం పోతున్నామని వీధంతా చెప్పాలి. ముందు తలుపుకు బయట తాళం వేసి, వెనక సందులోంచి లోపలికి వచ్చేయాలి. చుట్టం రాడు, పక్కం రాదు, ఇంట్లోనే హాయి. మొదట నాకూ బాగానే అనిపించింది, ఎందుకు అబద్ధం చెప్పాలి. తర్వాత ఈయన, "మొదటి రోజు ఉగ్గాని బజ్జీ, రెండో రోజు బక్షాలు, మూడో రోజు సంగటీ నాటుకోడి. అచ్చం హోటల్లో ఉండినట్టే!" అన్నారు. హోటల్లో ఉండేది ఆయన. హోటలు నేను.

ఆ మొదటి రోజు గురించి ఏం చెప్పను! కిటికీలు మూసేశాం. కూలర్ వేస్తే బయటికి వినబడుతుందని దాన్నీ ఆపేశారు. కర్నూలు ఎండలో కూలర్ లేకుండా తలుపులు బిగించుకుని కూర్చోవడమంటే ఏమిటో చెబితే అర్థమయ్యేది కాదు. ఈయన టీవీలో మాటలు వినబడకుండా క్రికెట్ చూస్తూ, ఎవరైనా అవుటైతే నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని అరిచేవారు. నేనేమో మిరపకాయ బజ్జీలు చప్పుడు కాకుండా వేయించాలి. నూనెకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? సొంత ఇంట్లో దొంగల్లా పిల్లి నడకలు నడుస్తూ, ఇదేం ఖర్మరా దేవుడా అనుకున్నాను.

రెండో రోజు పొద్దున బక్షాలకు, అదే బొబ్బట్లకు, శనగపప్పు కుక్కర్లో పెట్టి హాల్లోకి వచ్చేసరికి, వాకిట్లో మెట్ల మీద ఎవరో ఉస్సురని కూలబడిన చప్పుడు. తలుపు సందులోంచి చూస్తే మా ఆడబిడ్డ, ఈయన చెల్లెలు. కోయిలకుంట్ల నుంచి సంచీ పట్టుకుని దిగింది. ఈయన వేలు పెదవుల మీద పెట్టుకుని నాకు సైగ చేశారు. ఎదురింటామె మేడ మీద నుంచి, "శ్రీశైలం పోయిండారు, నీకు చెప్పలేదా?" అని కేకేసింది. మా ఆడబిడ్డకు కోపం వస్తుందనుకున్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "పోనీలేమ్మా. మా వదిన పొయ్యి దగ్గర్నుంచి లేసిందే ల్యా. ఈ పొద్దన్నా యాడనో ఒకచోట నెమ్మదిగా కూసోనుంటాది. నేను ఫోన్ గూడా చెయ్యను" అంది. తలుపుకు ఇటువైపు, గరిటె చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాను. నాకు ఏడుపొచ్చింది. నా ఎదుట అంత మంచి మాట ఎవరూ అనలేదు, అన్న ఒక్క మనిషీ నేను లేననుకునే అంది.

సరిగ్గా అప్పుడే కుక్కర్ కూసింది. ఒకటి కాదు, ఆగకుండా మూడు కూతలు. ఈయన వంటింట్లోకి పరుగెత్తి దాని మీద తువ్వాలు కప్పారు, అదేదో చంటిపిల్ల అయినట్టు.

"వదినా!" అని బయటి నుంచి నెమ్మదిగా గొంతు. "శ్రీశైలంలో పప్పు ఉడుకుతాన్నట్లుండాదే!"

వెనక వాకిలి తీసి పిలిస్తే సందులోంచి వచ్చింది. నేను నేల చూపులు చూస్తూ ఉన్నదంతా చెప్పేశాను, బక్షాలతో సహా. ఆమె పొట్ట పట్టుకుని నవ్వి, కళ్లు తుడుచుకుని, "తాళం తియ్యొద్దు వదినా, అట్లే ఉండనీ. మా ఇంట్లో గూడా సెలవలే, పిల్లోల్లకు వండలేక సచ్చిపోతాండా. నీ దగ్గర రెండు దినాలు పండుకుందామనే వచ్చినా" అంది. తర్వాత అన్న వైపు తిరిగి, "ఏం నా, ఇది హోటలంట కదా? రెండు టీలు తీసుకురా పో" అంది. చెల్లెలి మాట ఈయన ఎన్నడూ తీసేయలేదు. ఆ పూట చక్కెర డబ్బా కోసం వంటిల్లంతా తిరగేశారు. మర్నాడు పొద్దున ఉగ్గాని చేశారు. నానబెట్టిన బొరుగులను, అవే మరమరాలను, నీళ్లు పిండేసి వేయాలని తెలియక ముద్ద చేసి పెట్టారు. మేమిద్దరం ఆ ముద్దను కూర్చున్నచోట నుంచి లేవకుండా, వేడివేడిగా, ఇంకొంచెం అడిగి మరీ తిన్నాం.

మావాడి ఫోన్ పెట్టేశాక కోడలికి నేనే చేశాను. "శ్రీశైలం పోతాండానని చెప్పి నువ్వొక్కదానివే ఈడికి రామ్మా. వెనక వాకిలి తీసి పెడతా" అన్నాను. ఆ పిల్ల, "నిజంగానా అత్తా?" అని గుసగుసగా అడిగింది. పేపరు వెనక నుంచి ఈయన, "బొరుగులు ఉండాయా ఇంట్లో?" అన్నారు. ఇప్పుడు బాగానే పిండుతారు లెండి. కాలం దేన్నైనా మారుస్తుందంటారు. మా ఇంట్లో ఒక్క బొరుగుల గిన్నెను మార్చడానికే దానికి సగం జీవితం పట్టింది, నా కోడల్ని మాత్రం అంతకాలం ఆగమని నేను చెప్పను.