వెనక నుంచి చూస్తే

నలభై ఏళ్లుగా ఆయన ద్వారబంధాలు చెక్కుతున్నాడు. చెక్క మీద అరచేయంత ఖాళీ మిగిలినా ప్రాణం ఊరుకునేది కాదు. అక్కడో తీగ పాకించేవాడు, తీగ మీదో పిట్టను కూర్చోబెట్టేవాడు.

ఒకసారి, పుస్తకాల అల్మరా చేయించుకున్న మాస్టారు ఆయనకో బొమ్మల పుస్తకం చూపించారు. ప్రాచీన చైనా కొయ్య శిల్పాలు. పొడుగాటి అంగీ, దానికి నాలుగే నాలుగు మడతలు. సగం మూసిన కళ్లు. మిగతాదంతా ఊరికే వదిలేసిన కొయ్య. ఆయనకు ఆ పద్ధతిలో తన బొమ్మ చేసుకోవాలనిపించింది. ఎవరూ చెప్పకుండానే భార్య దాన్ని గుర్తుపట్టాలి. కోరిక అంతే.

దాచుకున్న టేకు దుంగ తీశాడు. చెయ్యి ఎటు పోతే అటు పోనిచ్చాడు. పది రోజుల్లో ఒళ్లు తేలింది. చిక్కల్లా మొహంతోనే వచ్చింది. గోడకు అద్దం తగిలించి చూసుకుంటూ చెక్కాడు. ముక్కు లావైందని సన్నం చేశాడు. అప్పుడు బుగ్గలు ఉబ్బినట్టు కనిపించాయి. అవి దించితే గడ్డం ముందుకొచ్చింది. మట్టయితే మళ్లీ అతికించవచ్చు. కొయ్యకు ఆ దయ లేదు.

రంగులు వేసే బావమరిది వచ్చి చూశాడు.

"ఎవరు బావా ఈ పెద్దమనిషి? పాపం, ఒంట్లో బాగోలేదా?"

"నేనేరా."

బావమరిది బొమ్మ వంక ఓసారి, బావ వంక ఓసారి చూశాడు. "అక్కకి చూపించకు. బెంగ పెట్టుకుంటుంది."

ఆయన నవ్వాడు.

మర్నాడు మిగిలిన ముక్కు కూడా తీసేశాడు. నున్నగా మిగిలిన చోట కళ్లకు రెండు వంపులు, నోటికి ఒక గీత పెట్టాడు. మీసం గీయడానికి చెయ్యి లేచింది. ఉలి కింద పెట్టి, ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

భార్య టీ తెచ్చింది. బొమ్మ మొహం కిటికీ వైపుంది. ఆమెకు కనబడింది వీపే.

"మెడ అలా వంచకండని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. ఆఖరికి కొయ్యలో కూడా వంచారా?"

"నేనని ఎలా తెలిసింది?"

"టీ తెచ్చినప్పుడల్లా నేను చూసేది ఆ వీపునే గదా. మొహం ఎప్పుడైనా ఇటు తిప్పారా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆమె చుట్టూ తిరిగి ముందుకొచ్చి, కాసేపు నిలబడి చూసింది.

"మీసం ఏది?"

"వదిలేశా."

"మంచి పని చేశారు. ఇంక ముట్టుకోకండి."

ఆయన ఉలులు గుడ్డలో చుట్టేశాడు. బొమ్మను ఎక్కడ పెట్టాలని అడిగాడు.

"వంటింట్లోంచి కనబడేలా పెట్టండి. వీపు నా వైపుకి."

అలాగే పెట్టాడు.