సుల్తానుకి మొక్కిన మొక్కు

ఇవాళ మామ్మని మలేషియాలోని మలాకా తీసుకెళ్లాను. ఒకప్పటి సుల్తానుల రాజధాని కదా, మ్యూజియం, గుడి, నదిలో పడవ అన్నీ చూపిద్దామనుకున్నాను. ముందు చెక్కతో కట్టిన రాజభవనం మ్యూజియానికి వెళ్లాం. లోపలికి చెప్పులతో రాకూడదన్నారు. నేను చెప్పులు పక్కన పెట్టి వచ్చేసరికి మామ్మ సింహాసనం మీది సుల్తాను బొమ్మ ముందు కళ్లు మూసుకుని దండం పెడుతోంది.

"మామ్మా, ఇది గుడి కాదు!"

"మరి దేవుడు లేనప్పుడు సెప్పులెందుకు ఇప్పించినారు?"

ఇది మ్యూజియం అని, ఆయన దేవుడు కాదు, ఒకప్పటి సుల్తాను అని చెప్పాను.

"మోకాలి ఆపరేషన్ బాగా అయితే ఇక్కడే కొబ్బరికాయ కొడతానని మొక్కీసినాను. ఇప్పుడేటి సెయ్యాల?" అంది.

తర్వాత గుడికి వెళ్లి, వినాయకుడికి మొక్కుకోమంటే ససేమిరా అంది. "ఒక మొక్కు ఇద్దరికి మొక్కకూడదు. ఆయనా రాజే కదా, సూసుకుంటాడు లా," అని ఇక్కడి మలేషియా వాళ్లలాగే చివర ఒక "లా" తగిలించింది.

పడవలో తను మోకాలు నిమురుకుంటూ ఒడ్డున ఇళ్ల గోడల మీద వేసిన బొమ్మలు హాయిగా చూసింది. నాకే ఏమీ అర్థం కావడం లేదు. ఆపరేషన్ వచ్చేవారం. అది బాగా జరగాలి, అందులో అనుమానం లేదు. జరిగాక ఆ మ్యూజియం వాళ్లని కొబ్బరికాయ కొట్టనివ్వమని ఏ మొహం పెట్టుకుని అడగను? మీరైతే ఏం చేస్తారు?