ఫారెస్ట్ కింగ్ సైసు బద్యా

పినపాక పశువుల దవాఖానాలో నేను ఇరవై రెండేళ్లు కాంపౌండరుగా పనిచేశాను. అన్నేళ్లలో గొడ్ల కంటే వాటి యజమానులే నన్ను ఎక్కువ విసిగించారు. వాళ్లలో పెద్దపీట వెదురు కాంట్రాక్టరు వెంకటరామారావుది. ఆయన గురించి రాయాలని నాకేమీ సరదా లేదు. బద్యా గురించి రాయబోతే ఆయన అడ్డం వస్తాడు, అంతే.

బద్యాది పినపాకకు నాలుగు మైళ్ల దూరంలో ఉన్న లంబాడీ తండా. డెబ్బైల మొదట్లో అతను, వెంకటరామారావు అడవిలో వెదురు నరికించే కూపుల్లో ఎడ్లబండి తోలేవాడు. ముప్పై బండ్ల ఎడ్లలో ఏది కుంటినా బద్యానే పిలిచేవారు. అతను ఎద్దు కాలి మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, మెల్లగా కిందికి జార్చేవాడు. చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ వేడి ఉన్నట్టు. ముల్లు విరిగిందో, నరం పట్టిందో చెప్పేవాడు. మా డాక్టరుగారు జీపు దిగి ముందు బద్యాను అడిగి, అదే మాటను ఇంగ్లీషులో రాసేవారు. మందిచ్చేది నేను కాబట్టి ఆ చీటీలన్నీ నా చేతికే వచ్చేవి.

వెంకటరామారావుకు అప్పటికే లారీలున్నాయి, సారపాకలో మేడ లేస్తోంది. లేనిదల్లా హైదరాబాదు పెద్దల మధ్య ఒక కుర్చీ. రేసుగుర్రం ఉంటే ఆ కుర్చీ దొరుకుతుందని ఎవరో చెవిలో వేశారు. 1976లో అక్కడికి వెళ్లి ఏడాది వయసున్న మేలుజాతి గుర్రప్పిల్లను కొన్నాడు. గోధుమ రంగు, నుదుట తెల్లమచ్చ. కాళ్లు సన్నగా ఉన్నాయని, గుర్రాల సంగతి తెలిసినవాళ్లెవరూ దాన్ని అడగలేదట. ఈయనకు తెలియదు కాబట్టి కొన్నాడు. ఆ తెలియకపోవడాన్నే తర్వాత పదేళ్లపాటు "నా కన్ను అలాంటిది" అని చెప్పుకున్నాడు. దానికి ఫారెస్ట్ కింగ్ అని పేరు పెట్టాడు. అడవిని లారీలకెత్తే మనిషి గుర్రానికి అడవిరాజని పేరు పెడితే నవ్వొస్తుందని ఆయనకు తోచలేదు. మాకూ తోచలేదనుకోండి. మేమప్పుడు చప్పట్లు కొట్టే పనిలో ఉన్నాం.

లాయంలో పోటీవాళ్లెవరైనా తన గుర్రానికి మందు పెడతారని ఆయనకు భయం. "మన మనిషి ఒకడు దాన్ని కనిపెట్టుకుని ఉండాలి" అని బద్యాను హైదరాబాదు రైలెక్కించాడు. బద్యాకు అప్పుడు ముప్పై ఏళ్లు. భార్య పూలి తండాలోనే ఉండిపోయింది.

మలక్‌పేట రేసుకోర్సులో బద్యా సైసు అయ్యాడు. సైసంటే లద్ది ఎత్తాలి, మాలీషు చేయాలి, దాణా పెట్టాలి, కాళ్లకు పట్టీలు చుట్టాలి, పరుగు నుంచి వచ్చిన గుర్రాన్ని చెమట ఆరేదాకా నడిపించాలి. మొదటి నెలలోనే ఫారెస్ట్ కింగ్ అతని భుజం కొరికింది. మిగతా సైసులు కర్ర ఇచ్చారు. బద్యా ఆ కర్రను గోడకు ఆనించి, గుర్రం పక్కనే కూర్చుని జొన్నరొట్టె తిన్నాడు. మూడో రోజు గుర్రం మూతి చాపింది. ముక్క పెట్టాడు. అది ట్రైనరు పెట్టిన కట్టుబాట్లకు విరుద్ధం. ఆ రోజు నుంచి బద్యా దాన్ని "భియా" అని పిలిచాడు. వాళ్ల భాషలో అన్న అని. గుర్రం మాత్రం మిగతావాళ్లను కొరకడం మానలేదు. అందుకే రెండో ఏటే దానికి విత్తులు కొట్టించారు.

మొదటి పందెంలో ఫారెస్ట్ కింగ్ అందరికంటే చివర వచ్చింది. వెంకటరామారావు వారం పాటు ఎవరికీ కనపడలేదు. రెండో పందెంలో మలుపు దాకా వెనకే ఉండి, ఆపైన బయటి పక్క నుంచి ఒక్కొక్కదాన్నే దాటుకుంటూ వచ్చి గెలిచింది. అదే దాని తీరు. మూడేళ్లలో హైదరాబాదు, బెంగళూరు, బొంబాయిల్లో పంతొమ్మిది సార్లు పరుగెత్తి పద్నాలుగు సార్లు గెలిచింది. ఆ పద్నాలుగింటిలో ఒక్కటి కూడా బద్యా చూడలేదు. సైసులు లోపలి గేటు దగ్గర తువ్వాలు పట్టుకుని నిలబడాలి. అక్కడికి గోల ఒక్కటే వినపడుతుంది.

"మరి గెలిచిందని ఎట్ల తెలిసేది?" అని ఒకసారి అడిగాను.

"తిరిగొచ్చేటప్పుడు చెవులు చూస్తే ఎరకైతది సారూ. దానికి ఎరకే, గెలిచిందో లేదో."

పేపర్లలో గుర్రం పేరు, దాని తండ్రి పేరు, తల్లి పేరు, యజమాని, ట్రైనరు, జాకీ, అందరి పేర్లూ వేసేవారు. గుర్రపు తాత పేరు కూడా ఒకసారి చదివాను. బద్యా పేరు ఎప్పుడూ లేదు.

1981లో పెద్ద కప్పు పందెం వచ్చింది. ఆ పొద్దున పట్టీ విప్పిన బద్యాకు గుర్రం ఎడమ ముందుకాలు, మోకాలి కింద వెనకభాగంలో, వెచ్చగా తగిలింది. ట్రైనరుతో చెప్పాడు. ట్రైనరు వంగి పట్టుకుని చూశాడు. నిజమేనని తెలిసి వెంకటరామారావుకు ఫోను చేశాడు. ఆయన తెల్లబూట్లతో లాయానికి వచ్చాడు.

"ఏంట్రా బద్యా, డాక్టరువయ్యావంట?"

"దొరా, ఎడమ కాలు ఉడుకున్నది. ఇయ్యాల ఆపాలె. రెండు మూడు నెలలు ఆగితే మల్ల ఉరుకుతది."

"ఇప్పుడు కుంటుతోందా?"

"ఇంకా కుంటుతలేదు."

"మరింకేం?"

"ఉరికినంక కుంటుతది."

"నలభై మంది పెద్దవాళ్లను పిలిచాను. మంచినీళ్లిచ్చి పంపమంటావా?"

ట్రైనరు ఒక్క మాట అంటే ఆ పందెం ఆగేది. ఆయన గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. చదువుకున్నవాళ్లకు అలాంటి సమయాల్లో ఎప్పుడూ ఒక గోడ దొరుకుతుంది.

ఈ సంగతి బద్యా నాకు చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు. చెప్పి, "పగ్గం నా చేతులనే ఉండె సారూ. ఇయ్యనంటే ఏం జేస్తుండె? కొడుతుండె. గంతే గదా. ఇచ్చిన" అన్నాడు.

ఫారెస్ట్ కింగ్ గెలిచింది. గెలుపుగీత దాటి వంద గజాలు పోయాక ఎడమకాలు మడతపడింది. ఆ మరునాటి పేపరు ఫోటో నేను చూశాను. కప్పు ఉంది, వెంకటరామారావు ఉన్నాడు, ఆయన భార్య సుబ్బరత్నం ఉంది, పెద్దమనుషుల ముందు వరుస ఉంది. గుర్రం లేదు. అదప్పుడు మూడు కాళ్ల మీద, బద్యా భుజానికి తల ఆనించి, పశువైద్యుడి కోసం చూస్తోంది. వైద్యుడు వచ్చి ఇంజక్షనుతో ముగించేద్దామన్నాడు. విందు రోజున చావు అపశకునమని వెంకటరామారావు ఒప్పుకోలేదు. గుర్రం ఆ కారణంగా బతికింది.

ఎనిమిది నెలలు బద్యా ఆ కాలిని చల్లటి నీళ్లలో ఉంచి, పట్టు వేసి, కట్లు కట్టాడు. గుర్రం కుంటుతూ నడిచింది. ఇక పరుగుకు పనికిరాదు, విత్తులు కొట్టించారు కాబట్టి పిల్లలకూ పనికిరాదు. వెంకటరామారావు దాన్ని వెదురు లారీలో సారపాక తెప్పించి, కొత్త మేడ గేటు దగ్గర కట్టించాడు. వచ్చిపోయేవాళ్లు చూడాలి గదా. నేనూ వెళ్లాను, దాచడం దేనికి. ఆయన చెయ్యి పట్టుకుని ఊపి, "మన జిల్లా పేరు నిలబెట్టారు సార్" అన్నాను. పక్కనే బద్యా లద్ది ఎత్తుతున్నాడు. అతన్ని పలకరించలేదు.

1983 ఎండాకాలంలో వెంకటరామారావు పెద్దకొడుకు పెళ్లి. పెళ్లికొడుకు ఫారెస్ట్ కింగ్ మీద గోదావరి బ్రిడ్జి దాటి భద్రాచలం వెళ్లాలని తండ్రి కోరిక. కార్డుల్లో కూడా అచ్చు వేయించాడు. పెళ్లికొడుకు బరువు తండ్రి కంటే ఎక్కువ.

"ఆ కాలు మనిషిని మొయ్యదు దొరా," అన్నాడు బద్యా. "కిరాయికి ఇంకో గుర్రం తెచ్చుకోరి."

"రెండేళ్లుగా దీన్ని మేపింది ఎందుకనుకున్నావు?"

"బ్రిడ్జి నడుమ కూలుతది."

"కూలకుండా నువ్వు పట్టుకో. అందుకే గదా నీకు తిండి పెడుతోంది."

పెళ్లిరోజు పొద్దున పదిగంటలకు, అందరూ టిఫిన్ల దగ్గర ఉండగా, బద్యా గుర్రానికి పగ్గం వేసి ముందు గేటు నుంచే బయటికి నడిపించాడు. ముస్తాబుకు తీసుకెళ్తున్నాడనుకుని బ్యాండువాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు. పెళ్లికొడుకు అంబాసిడరు కారులో వెళ్లాడు.

సారపాక నుంచి తండాకు మూడు రోజులు పట్టింది. వాగు కనపడిన చోటల్లా ఆగి, గుర్రాన్ని నీళ్లలో నిలబెట్టాడు. తండాలో పూలి వాకిట్లోకి వచ్చి, మనిషెత్తు గుర్రాన్ని తల ఎత్తి చూసింది.

"ఇదేంది?"

"భియా."

"ఇంట్ల మనకే సాలుత లేదు. ఇంత జీవానికి ఏం పెడుతవ్?"

"దాని కాలు బాగలేదు."

"నీ తలకాయ బాగలేదు" అని, పూలి కొడవలి తీసుకుని గడ్డికి వెళ్లింది.

నాలుగో రోజు పోలీసు జీపు వచ్చింది. గుర్రం దొంగతనం కేసు. పశువును గుర్తించడానికి గవర్నమెంటు మనిషి కావాలని ఎస్సై నన్ను కూడా ఎక్కించుకున్నాడు. ఆ ఎస్సై న్యాయం చేద్దామని బయల్దేరినవాడేం కాదు. మే నెల ఎండలో రాళ్లదారిన రప్పించినందుకు వెంకటరామారావు మీద మండిపడుతున్నాడు. వెంకటరామారావు కారు తండా బయటే ఆగిపోతే, చెమటలు కక్కుకుంటూ నడిచి వచ్చాడు.

బద్యా పారిపోలేదు. గుర్రాన్ని పాక ముందు నీడలో కట్టేసి, పక్కన నిలబడ్డాడు. తండా అంతా చుట్టూ చేరింది. ఎస్సై ఫిర్యాదు కాగితం విప్పి చదివాడు.

"గోధుమ రంగు గుర్రం. నుదుట తెల్లమచ్చ. కుడి ముందుకాలికి పాత దెబ్బ." కాగితం నుంచి తలెత్తాడు. "ఏ కాలు అన్నరు రావుగారూ?"

"కుడికాలే. కప్పు గెలిచిన రోజు నా కళ్లముందే తగిలింది. అది నాకు కన్నకొడుకు లాంటిదండీ."

"కాంపౌండరూ, చూడు."

నేను వంగాను. ఎడమకాలి నరం నా మణికట్టంత లావుగా గట్టిపడి ఉంది. కుడికాలికి గీత కూడా లేదు. పెద్దవాళ్ల ముందు వాళ్లకు కావలసిన మాట చెప్పడం నాకు అలవాటే. ఆ రోజెందుకో నోరు నా మాట వినలేదు.

"ఎడమ కాలు సార్. కుడిది మంచిగనే ఉన్నది."

ఎవరూ నవ్వలేదు. పూలి మాత్రం పక్కనున్న ఆడమనిషితో, అందరికీ వినపడేలా అంది: "గేటు కాడ కట్టేసుకున్నడంట. ఏ కాలు కుంటిదో ఎరకలేదు."

వెంకటరామారావు ముఖం తుడుచుకున్నాడు. "ఎడమైతే ఎడమని దిద్దుకోండి. ఏదో పొరపాటు."

"దిద్దుత," అన్నాడు ఎస్సై. "యజమానికి తన గుర్రం కాలు గుర్తులేదని పంచనామాల కూడా రాస్త. కోర్టుల చదువుతరు. పేరున్న గుర్రం గదా, పేపరోళ్లు గూడ వస్తరు."

వెంకటరామారావు గుర్రం వైపు చూశాడు. గుర్రం ఆయన వైపు చూడలేదు, గడ్డి తింటోంది.

"కుంటిదాన్ని నేనేం చేసుకుంటాను. ఉంచుకోరా బద్యా. దానం చేశాననుకో."

"దానం వద్దు దొరా. నీకు దీంతోటి సంబంధం లేదని కాయితం రాసియ్యి."

జీపు బానెట్ మీద పెట్టి రాశాడు. ఎస్సై సాక్షి సంతకం చేశాడు, నేనూ చేశాను. నా ఉద్యోగంలో పెట్టిన సంతకాల్లో నాకు సిగ్గు వేయనిది అదొక్కటే.

ఆ తర్వాత పదకొండేళ్లు ఫారెస్ట్ కింగ్ తండాలో బతికింది. ఎనభై ఆరు గోదావరి వరదకు వాగులు వెనక్కి తన్నినప్పుడు పూలి ముందు గుర్రాన్ని గుట్ట ఎక్కించి, తర్వాత బియ్యం మూట ఎక్కించిందని ఆమె మీద తండాలో ఇప్పటికీ నింద. బద్యా మళ్లీ కూపులకు పోలేదు. ఉన్న రెండెకరాల్లో జొన్న వేశాడు. చుట్టుపక్కల కోయగూడేల నుంచి కుంటి ఎడ్లను తోలుకొచ్చేవారు. కొందరు నా దవాఖానా ముందు నుంచే అతని దగ్గరికి వెళ్లేవారు. నేను చూడనట్టు ఊరుకునేవాణ్ని.

వెంకటరామారావు షష్టిపూర్తికి ఒక పుస్తకం అచ్చు వేయించుకున్నాడు. కప్పు ఫోటో అందులో రెండు పేజీల నిండా ఉంది. కింద ఒక వాక్యం: ఆ మేటి అశ్వాన్ని వారు ఒక పేద గిరిజన కుటుంబానికి దానమిచ్చారు. ఒక ప్రతి మా ఆఫీసుకూ వచ్చింది. గొడ్ల మందుల పొట్లాలు కట్టడానికి చాలా రోజులు పనికొచ్చింది. కాగితం మంచిది.

1994 శ్రావణంలో గుర్రం చనిపోయింది. పంతొమ్మిదేళ్లు. ముందురోజు మేత ముట్టలేదు, పొద్దున లేవలేదు. బద్యా కబురు పంపితే వెళ్లాను. నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. అంత జీవానికి గుంత తవ్వడం తండా ఒక్కదానివల్ల కాలేదు. పక్క కోయగూడెం నుంచి ముసలయ్య అనే రైతు మనుషులను, గడ్డపారలను తీసుకొచ్చాడు. మధ్యాహ్నం దాకా తవ్వారు. బద్యా కూడా తవ్వాడు. వద్దని ఎవరూ అనలేదు.

పూడ్చేసరికి వాన పట్టుకుంది. అందరం బద్యా పాక చూరు కింద కూర్చున్నాం. పూలి జొన్న గటక పెట్టింది. గుర్రం గొప్పదని ఎవరూ అనలేదు. ఎవరి చేలో ఎంత మేసిందో, ఎవరిని కరిచిందో చెప్పుకున్నారు. ముసలయ్య చొక్కా పక్కకు లాగి భుజం మీది పళ్ల గుర్తు చూపించాడు. అది తనను ఊరికే కరవలేదని, తనే వెనక నుంచి పోయానని, తప్పు తనదేనని చెప్పాడు.

"అవ్, నీదే," అంది పూలి, ఇంకో గంటె గటక వేస్తూ.