కొంగుముడిలో కుప్పం వక్క

మదనపల్లెలో జయచంద్ర కల్యాణమండపం ముందు గంగులప్ప సంస్మరణ సభకని ఆయన నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. బతికున్నన్నాళ్ళూ వెనక గేటు నుంచి తప్ప లోపలికి అడుగుపెట్టని మనిషిని చచ్చాక ముందు గేటు మీదికి ఎక్కించారు. పైగా ఫోటోలో తెల్లటి పొడుగు టోపీ ఒకటి తగిలించారు. గంగులప్ప జన్మలో టోపీ ఎరగడు. చెమట కళ్ళల్లోకి దిగకుండా తలకు తువ్వాలు చుట్టేవాడు, అంతే. పుంగనూరు బస్సు దిగి వచ్చిన ఆయన పెండ్లాం చౌడమ్మ ఆ బొమ్మను కిందినుంచి పైదాకా చూసింది.

"ఎవురే ఈయప్ప?" అని కూతురు అంబికను అడిగింది.

అంబిక నవ్వబోయి ఆపుకుంది. అమ్మ ముఖం నవ్వే ముఖంలా లేదు.

కురబలకోటలో గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టి, మదనపల్లె హోటల్లో అంట్ల గిన్నెలు తోమి, పొయ్యి దగ్గరికి చేరిన మనిషి గంగులప్ప. పుంగనూరులో కాపురం పెట్టాక పెళ్ళివంటల్లోకి దిగాడు. రామసముద్రం నుంచి కుప్పం దాకా ముహూర్తం కంటే ముందు ఆయన్ను కుదుర్చుకునేవాళ్ళు. ఆయన టమేటా రసం పోస్తే, కడుపు నిండిందని చెయ్యి అడ్డం పెట్టినవాళ్ళు కూడా మళ్ళీ అన్నం పెట్టించుకునేవాళ్ళు. గరిటె ఆయనది, పేరు ఆయనది. పొయ్యి వెనక పొగలో నిలబడి కళ్ళు నులుముకుంటూ ఉప్పు వేసేది మాత్రం చౌడమ్మ.

అదెలా వచ్చిందంటే, కాపురం కొత్తల్లో రామసముద్రం పెళ్ళిలో సాంబారుకు గంగులప్ప ఉప్పు వేశాడు. వంటమేస్త్రి మరిచిపోయాడేమోనని ఇంకో మనిషీ వేశాడు. మగపెళ్ళివాళ్ళు విస్తళ్ళు తిరగేసి లేచిపోయారు. పంక్తి లేచేదాకా వంటవాళ్ళు నోట్లో మెతుకు వెయ్యకూడదన్నది గంగులప్ప పట్టుదల, ఎంగిలి అనేవాడు. రుచి చూసే దారి లేదు కాబట్టి ఆ రోజే ఒక కట్టుబాటు పెట్టాడు. ఉప్పు గిన్నె చౌడమ్మ చేతిలో తప్ప ఇంకెవరి చేతిలోనూ ఉండకూడదు, చివరికి తన చేతిలో కూడా. రసం పొంగుకు వచ్చినప్పుడు పెండ్లాన్ని "మే, ఉప్పు!" అని కేకేసేవాడు. ఆమె ఆవిరి వాసన పట్టి, వేడినీళ్ళలో కరిగించిన ఉప్పు పోసేది.

ఇంకో అలవాటు కూడా ఉండేది ఆయనకు. పెళ్ళివాళ్ళు వంట ఒప్పజెప్పి తాంబూలం ఇస్తే, అందులో వక్క ఒకటి తీసి చౌడమ్మ కొంగుకు ముడేసేవాడు. పెళ్ళిరోజు ఆ వక్క పొయ్యిలో వేసి అగ్గి ముట్టించేవాడు. వక్క ముడిలో ఉన్నంతవరకు ఆ పెళ్ళి మనదే అనేవాడు.

పోయిన నెల టమేటా మార్కెట్‌లో కాయ ఏరుతూ గుండె పట్టుకుని కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. ఆ రోజుకు చౌడమ్మ కొంగులో మిగిలింది కుప్పం వక్క. కుప్పం వెంకటరత్నమ్మ మనవరాలి పెళ్ళి. ఆ పెళ్ళి తను చేస్తే, గంగులప్ప పెండ్లాం వంటలు చేస్తోందని నలుగురికీ తెలుస్తుంది, పొయ్యి ఆరకుండా ఉంటుంది. పోగొట్టుకుంటే ఇక ఎవరూ పిలవరు. ఈ సంగతి చౌడమ్మకు తెలుసు. మునిరాజుకూ తెలుసు.

ఈ మునిరాజు గంగులప్ప దగ్గరే పని నేర్చినవాడు. మేస్త్రి దినాలు కాకముందే కుప్పం వెళ్ళి, "అక్కకు ఇంక చేతగాదు" అని చెప్పి వచ్చాడు. ఈ సంస్మరణ సభకు వంట కూడా వాడిదే. గంగులప్ప మనుషులనే పిలిచాడు. పొయ్యి దగ్గర పని చేసేది వాళ్ళు, గంధం బొట్టు పెట్టుకుని గుమ్మంలో దండాలు అందుకునేది వాడు.

చౌడమ్మ లోపలికి అడుగుపెట్టగానే వెంకటరత్నమ్మ ఎదురొచ్చింది. కన్నీళ్ళు తుడుచుకుంది. చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"ఆ వక్క ఇచ్చేయమ్మా చౌడమ్మా. ముత్తైదువులు తినే కూడు గదా. నువ్వు పొయ్యి కాడికొస్తే నలుగురూ నాలుగు మాట్లంటారు. నాకేమీ లేదులే, వాళ్ళ కోసరమే."

"నీకేమీ లేకపోతే నువ్వు యాల అడగతాండావు? ఆ నలుగుర్నే వచ్చి అడగమను" అంది చౌడమ్మ, చెయ్యి విదిలించుకుని.

వేదిక మీద కుర్చీ వేశారు. శాలువా కప్పారు. వంకాయ తొడిమె కూడా తియ్యడం రాని పెద్దమనుషులు ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకుని గంగులప్ప తమకు సొంత అన్నలాంటివాడన్నారు. ఆ అన్న మధ్యాహ్నం రెండింటికి మండపం వెనక డ్రైనేజీ పక్కన కూర్చుని తింటూంటే ఒక్క తమ్ముడూ వచ్చి పలకరించిన పాపాన పోలేదు. చౌడమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఏడుస్తుందేమోనని ఫోటోలు తీసేవాడు ఆమె ముందే కాచుకుని నిలబడ్డాడు. ఆమె వాడికేసి చూసిన చూపుకు కెమెరా దించేశాడు.

చివర మండపం యజమాని జయచంద్ర లేచాడు. గంగులప్ప కుటుంబాన్ని వీధిన పడనివ్వం అన్నాడు. చౌడమ్మకు కుట్టుమిషన్ ఇస్తున్నామన్నాడు. చప్పట్లు మోగాయి. ఆమె జన్మలో గుండీ కుట్టి ఎరగదు. వంట పని ఇస్తానని మాత్రం ఆ నోటెంట రాలేదు.

"ఈ రోజు మీరు తినబోయే రసంలో మా గంగులప్ప బతికే ఉంటాడు" అని ముగించాడు జయచంద్ర.

పంక్తి వేశారు. చౌడమ్మనూ అంబికనూ ముందు వరసలో, వెంకటరత్నమ్మకు ఎదురుగా కూర్చోబెట్టారు. పప్పు వచ్చింది, వంకాయ కూర వచ్చింది, రసం వచ్చింది. చౌడమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. ఇంకో ముద్ద పెట్టుకుని చూసింది. పప్పులో ఉప్పు లేదు. కూరలో లేదు. రసంలో లేదు. విస్తరి మూలన వడ్డించాల్సిన ఉప్పు కూడా లేదు.

హాలంతా ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారు. చచ్చినాయన పేరు మీద పెట్టిన భోజనం, చప్పగా ఉందని ఎవరంటారు? సొంత అన్న అన్నవాళ్ళు చప్పటి ముద్ద బుగ్గన పెట్టుకుని, మింగలేక కక్కలేక తలలూపుతున్నారు. ఆఖరికి వెనక వరసలోంచి ఎవరో ముసలాయన గట్టిగా అరిచాడు.

"ఉప్పేదిరా నాయనా?"

మునిరాజు పరుగెత్తుకుంటూ పొయ్యి దగ్గరికి పోయాడు. కిటికీలోంచి వాడి మాటలూ, గంగులప్ప మనిషి నల్లప్ప మాటలూ వినబడుతూనే ఉన్నాయి.

"ఉప్పెయ్యలేదా నల్లప్పా?"

"అక్క గదా ఏసేది! ఎప్పుడన్నా మేము ముట్టుకున్నామా? నువ్వెయ్యలేదా?"

మునిరాజుకూ అదే అలవాటు. ఉప్పంటే పొయ్యి వెనకనుంచి దానంతటదే వచ్చి పడేదన్నట్టు ఇన్నేళ్ళూ బతికారు. ఈ రోజు ఆ చెయ్యిని తీసుకెళ్ళి వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు.

చౌడమ్మ పగలబడి నవ్వింది. మొగుడు పోయి నెల తిరగని ఆడది పంక్తిలో అలా నవ్వడం చూసి పెద్దమనుషులు తలలు దించుకున్నారు. జయచంద్ర చేతులు జోడించుకుంటూ వచ్చాడు.

"అమ్మా, నువ్వే వచ్చి సరిసెయ్యాల. మునిరాజుకు ఎంత ఎయ్యాల్నో తెలీదంట. గంగులప్ప పేరు పోతాది తల్లీ."

తినండి, చప్పగానే తిని చావండి అందామనుకుంది. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ రేపు కుప్పం దాకా పాకేది మునిరాజు పేరు కాదు. గంగులప్ప కూడు చప్పగా ఉందంటారు. ఆ మాట పడనివ్వడం ఆమెవల్ల కాలేదు. అందుకే మరింత కోపం వచ్చింది. శాలువా తీసి కుర్చీ మీద పడేసి, నేరుగా వెంకటరత్నమ్మ విస్తరి ముందుకొచ్చి నిలబడింది.

"ఏమమ్మా, నా చేతి ఉప్పు నీ ఆకులోకి రావచ్చునా?"

"అదేం మాటమ్మా. ఇది ఆయన పేరు మీద పెట్టిన కూడు గదా."

"అదే అడగతాండా. సచ్చినోడి కూటికి పనికొచ్చే ఉప్పు పెండ్లి కూటికి యాల పనికిరాదు? నీ కొడుకు పెండ్లిలో, నీ కూతురి పెండ్లిలో ఎవురి ఉప్పు తిన్నావనుకున్నావు? మా ఆయనదనుకున్నావా?"

వెంకటరత్నమ్మ చేతిలోని ముద్దను విస్తట్లో దించేసింది. చౌడమ్మ జవాబు కోసం ఆగలేదు. పొయ్యి దగ్గరికి పోయి, ఉప్పు కరిగించి, మట్టి అడుక్కి దిగనిచ్చి, ఏ గుండిగకు ఎంతో అంత పోసింది. ఒక్కచుక్క నాలుక మీద వేసుకోలేదు. వడ్డన మళ్ళీ మొదలయ్యాక హాల్లో మాటలు ఆగి జుర్రుకునే చప్పుడు లేచింది. వెంకటరత్నమ్మ రసం మూడుసార్లు పోయించుకుంది.

చెయ్యి కడుక్కునే చోట ఆవిడే వచ్చి పక్కన నిలబడింది.

"పెండ్లి ముందురోజు ఎప్పుడొస్తావు?" అంది, ఎటో చూస్తూ.

"వక్క నా కాడుండాది. ఎప్పుడు రావల్లో నాకు తెలుసు."

మునిరాజు వెనకనుంచి నసిగాడు. "అక్కా, నేనూ వస్తా."

"రా. గిన్నెలు తోము. మీ మేస్త్రీ ఆడినుంచే వచ్చినాడు."

పోతూ పోతూ జయచంద్రతో, "ఆ మిషను నువ్వే పెట్టుకోప్పా. మీ ఫ్లెక్సీ చినిగితే కుట్టుకోను పనికొస్తాది" అంది.

కుప్పం పెళ్ళిలో తెల్లవారుజామున కొంగుముడి విప్పి వక్కను పొయ్యిలో వేసి, తనే అగ్గి ముట్టించింది. ముత్తైదువులు కొందరు దూరంగా నిలబడి గుసగుసలాడారు. ఆమె వాళ్ళకేసి గరిటె చూపించి, "అడ్డం తప్పుకోండి, పొగ వస్తాది" అంది. నల్లప్ప కట్టెలు ఎగదోశాడు. మునిరాజు తలెత్తకుండా గిన్నెలు తోముతున్నాడు. అన్నీ అనుకున్నట్టే జరిగాయి.

రసం పొంగుకు వచ్చింది. చౌడమ్మ ఉప్పునీళ్ళ గిన్నె పట్టుకుని, ఎప్పటిలాగే పొయ్యి వెనక పొగలోకి పోయి నిలబడింది. నిలబడే ఉంది. రసం అంచుదాకా పొంగి మంటలోకి కారుతోంది. నల్లప్ప కంగారుగా ఆమెకేసి చూశాడు కానీ నోరు తెరవలేదు. ఆ కేక వెయ్యడం వాడి వంతు కాదు.

ఇంత కొట్లాడి తెచ్చుకున్న పొయ్యి దగ్గర, పిలిచేవాడు లేడని చౌడమ్మకు అప్పుడు తెలిసింది. నెల రోజులుగా రాని ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. గొంతు సవరించుకుని, పొయ్యికి అవతల ఆయన నిలబడే చోటు చూస్తూ, తనే కేకేసింది.

"మే, ఉప్పు!"

ఆ తర్వాత ఉప్పు పోసింది.