దుబాయ్‌కి రెండుంపావు గంటలు

మనిషి ఊరికి బయలుదేరాక, చేరినట్టు కబురు వచ్చేదాకా ఇల్లు ఊడ్వకూడదు. మా అవ్వ నేర్పిన పట్టింపుల్లో నేను వదలకుండా పాటించేది ఇదొక్కటే. మిగతావన్నీ ఎప్పుడో అటకెక్కించాను.

పెళ్లయ్యాక మొదటి సెలవు ముగించుకుని మా ఆయన తిరిగి దుబాయ్ వెళ్తున్నప్పుడు టికెట్ కాగితం చూశాను. హైదరాబాద్‌లో పొద్దున పదింటికి ఎక్కితే పన్నెండుంపావుకు దుబాయ్‌లో దిగుతాడని ఉంది. అంటే రెండుంపావు గంటలు. మెట్‌పల్లి నుంచి ఆదిలాబాద్‌లోని మా తల్లిగారింటికే బస్సులో నాలుగు గంటలు పడుతుంది.

"దుబాయి మా తల్లిగారింటికంటె దగ్గరనే గదా," అన్నాను.

"అవు. పొద్దుగాల పోయి పొద్దూకెటాల్లకు వస్త తియ్యి," అని నవ్వాడు.

వేళాకోళమని తెలుసు. కానీ ఆ రెండుంపావు గంటల్ని మాత్రం గట్టిగా నమ్మాను. ఒంటరిగా ఉండబోయేదాన్ని, ఏదో ఒకటి పట్టుకోవాలి కదా.

సాయంత్రం ఆయన్ని హైదరాబాద్ బస్సెక్కించి వచ్చాను. గదినిండా ఆయన కోసం వలిచిన పల్లీల పొట్టు, అట్టపెట్టె కట్టగా మిగిలిన సుతిలి తాడు ముక్కలు. అలాగే పడుకున్నాను. మర్నాడు పొద్దున "ఎక్కుతున్న" అని ఫోన్ చేశాడు. బీడీలు చుట్టే చేట ముందేసుకుని గడియారం చూస్తూ కూర్చున్నాను.

పన్నెండుంపావు అయింది. ఇంకో పావుగంట ఆగాను. దిగే ఉంటాడు, లైన్లో నిలబడి ఉంటాడు అనుకున్నాను. కాగితం మీద అచ్చయిన టైము తప్పెలా అవుతుంది? చీపురు తీసుకుని శుభ్రంగా ఊడ్చి, చెత్త తీసుకెళ్లి ఇంటి ముందు మురుగు మోరీ పక్కన పోసి వచ్చాను.

ఫోన్ రాలేదు. ఒంటిగంటకు నేనే చేస్తే స్విచాఫ్. అంటే ఇంకా దిగలేదు. ఆకాశంలో ఉన్న మనిషి వెనకాల ఇల్లు ఊడ్చాను. ఎవరికి చెప్పుకోను? చేట పట్టుకుని మోరీ దగ్గరికి పరుగెత్తి, ఆ పొట్టు, ఆ సుతిలి ముక్కలు ఏరసాగాను.

"ఏం వోయిందే?" అంది పక్కింటి అక్క.

"ముక్కుపుల్ల," అన్నాను.

పాపం, ఆమె కూడా వంగి వెతికింది. నేను మాత్రం ఇంట్లోకొచ్చి, సుతిలి ముక్కలు మంచం దగ్గర, పొట్టు గోడవారన, గుర్తున్నంతవరకు ఎక్కడివక్కడ చల్లాను. తర్వాత కాలు కదపకుండా కూర్చున్నాను.

రెండింటికి ఫోన్ మోగింది. "దిగిన."

"గిప్పటిదాక ఏడ వోయినవ్?" అని అరిచాను.

"ఏడికి వోత? ఇమానంలనే ఉన్న. ఈడి గడియారం మనకంటె గంటన్నర ఎనక. టికెట్ మీద దిగే టైము ఈడిదే ఏస్తరు. నాలుగు గంటల తొవ్వ."

అంటే ఆదిలాబాద్ అంత దూరం. నాకు దక్కిన ఆ కాస్త దగ్గరతనం కూడా పోయింది.

"ఇల్లూడ్సినవా?" అడిగాడు. ఆయనకూ ఆ పట్టింపు తెలుసు.

"ఊడ్వలే," అన్నాను. అప్పటికి అది నిజమే.

"ఇగ ఊడ్సుకో. ఫికర్ లేదు, చేరిన గదా."

చీపురు తీసుకున్నాను. ఇందాక అంత జోరుగా ఊడ్చినదానికి, ఇప్పుడు చెయ్యాడలేదు. చేరాడంటే ఇక ఇక్కడ లేనట్టే. మళ్లీ సెలవు రెండేళ్లకు. చీపురు మూలన పెట్టేశాను. నాలుగు రోజులు ఆ పొట్టు మీదే నడిచాను.