మధ్యాహ్నపు చెలిమె

దయ్యాల కథలు చెప్పేవాళ్లను ఆటపట్టించడం నాకు చిన్నప్పటి నుంచి సరదా. గోదావరిఖనిలో పుట్టి పెరిగినదాన్ని. ఇక్కడ ప్రతి బొగ్గు బాయికీ, అంటే గనికీ, ఒక కథ ఉంటుంది. ఫలానా బాయిలో చనిపోయిన మనిషి మళ్లీ పనిలో కనిపించాడని ఎవరైనా మొదలుపెడితే, "మస్టర్ పడ్డదా మరి ఆయనకు?" అని హాజరు సంగతి అడిగేదాన్ని. ఇది చదివి మీరూ నన్ను అలాగే అడిగితే నేనేమీ అనుకోను.

మా బాపుది కమాన్‌పూర్ వైపు ఒక పల్లె. ఇప్పుడు ఆ పల్లె లేదు. ఓపెన్‌కాస్ట్ గనికి పొలాలు పోయాయి, ఇళ్లు పోయాయి. బొగ్గు కోసం తవ్వి తీసిన మట్టీ రాయీ తెచ్చి ఊరున్న చోటే పోశారు. అదిప్పుడు పెద్ద గుట్ట. మేమంతా మట్టిగుట్ట అంటాం.

బాపు బాయిలో పనిచేసి, ఆరోగ్యం చెడి అన్‌ఫిట్ అయ్యాక వారసురాలిగా ఆ ఉద్యోగం నాకు వచ్చింది. జనరల్ మజ్దూర్‌గా చేరితే నర్సరీలో వేశారు. అంటే మా బాపు ఊరి మీద పోసిన మట్టిలో మొక్కలు నాటడం నా డ్యూటీ. ఆ సంగతి చెప్పిన రోజు బాపు చాలాసేపు నవ్వాడు. తర్వాత అన్నం తినకుండానే లేచిపోయాడు.

ఊరి ముచ్చట వస్తే ఆయన ఎక్కువగా చెప్పేది కొండగొర్రె గురించే. పేరుకే గొర్రె, నిజానికి జింక జాతి. మేకంత ఉంటుంది. మగదానికి నాలుగు కొమ్ములు. చెవుల మధ్య రెండు, నుదుటి మీద రెండు చిన్నవి. మందగా తిరగదు, ఆకు కదిలినా బెదురుతుంది. రోజూ నీళ్లు తాగకపోతే బతకదు కాబట్టి నీటిని వదిలి దూరం పోదు.

ఎండాకాలం వాగు ఎండిపోతే ఊరివాళ్లు ఇసుకలో చెలిమెలు తోడి, ఊరిన నీళ్లు ముంచుకునేవారట. పశువులు తొక్కకుండా వాటిమీద రేగుకంప కప్పేవారు. ఎండ నెత్తిమీదికి వచ్చేసరికి ఒక చెలిమె మీది కంప తీసి పక్కన పెట్టి, అందరూ ఇళ్లకు వెళ్లిపోవాలి. అది కొండగొర్రె తాగే వేళ. ఎంత దాహమేసినా అప్పుడు ఎవరూ వాగులోకి దిగేవారు కాదు. "మధ్యాహ్నం చెలిమె మనది కాదు బిడ్డా" అనేవాడు బాపు.

ఆయన అంతటితో ఆగకుండా, దాని కాళ్లు ఇసుకలో దిగబడతాయని అంచున ఒక బండపలక కూడా పరిచేవాడట. "గొర్రెకు గచ్చు చేస్తున్నవా?" అని తోటివాళ్లు ఏడిపించేవారట. ఊళ్లో ఇంకెవరూ అలా చేసేవారు కాదు.

చివరి రోజుల్లో దవాఖాన మంచం మీద కూడా ఒకటే అడిగేవాడు. "గుట్ట మీదికి అదేమన్న వచ్చిందా?" రాలేదు బాపూ అనేదాన్ని. అప్పటికి నిజంగానే రాలేదు.

ఆయన పోయాక వచ్చింది. మేము నాటిన చెట్లు చిక్కబడ్డాక, గుట్ట పైన ఒకచోట పెంటికల కుప్ప కనిపించింది. కొండగొర్రె రోజూ వచ్చి ఒకే చోట వేస్తుంది. కొన్నాళ్లకు దాన్నే చూశాను. ఆకుల సందులో నాలుగు కొమ్ములు, తడి ముక్కు, అంతే, మాయమైంది. మొక్కల మధ్య కూర్చుని ఏడ్చాను. బాపు ఊరిది ఏదైనా తిరిగొచ్చిందంటే అదొక్కటే.

దానికి పేరే శత్రువైంది. మా వాచ్‌మన్ మల్లయ్య కాక ఒకరోజు సూపర్‌వైజర్‌తో "సార్, గుట్ట మీద కొండగొర్రె తిరుగుతున్నది" అన్నాడు. ఆ సార్‌ది కోస్తా వైపు. మంచివాడే. కాకపోతే ఆయనకు గొర్రె అంటే గొర్రెనే. కొండమీద ఎవరిదో గొర్రె పడి మొక్కలు మేస్తోందనుకున్నాడు. పైకి చెప్పి, చుట్టూ ఇనుప జాలీ వేయించాడు. గొర్రె జాలీ లోపల ఉండిపోయింది. గని నీళ్లు పంపుతో తోడి వదిలే కుంట బయట ఉండిపోయింది. మే నెల ఎండలు.

నేను వెళ్లి అడిగాను. "అది జింక సార్. నీళ్లకు పోలేక సస్తది. జాలీ తియ్యాలె."

"గొర్రె అనే కదమ్మా చెప్పారు. ఇప్పుడు జింకంటే పైవాళ్లు నమ్మొద్దా? ఏదైనా ఆధారం చూపించండి, నేనే తీయిస్తాను" అన్నాడాయన. అందులో ఆయన తప్పేమీ లేదు.

అటవీ శాఖ బీట్ ఆఫీసరమ్మకు ఫోన్ చేశాను. చిన్న వయసు పిల్ల. కెమెరా తెచ్చి చెట్టుకు కడతానంది కానీ వేరే పనుల్లో ఇరుక్కుని వెంటనే రాలేకపోయింది. ఈలోపు నేను డబ్బాలతో నీళ్లు మోసి గుట్ట పైన బేసిన్‌లో పోసి పెట్టాను. అది ముట్టలేదు. తేనెటీగలు తాగిపోయాయి. కుప్ప దగ్గర కొత్త పెంటికలు తగ్గిపోయాయి. బాపు అంతగా అడిగిన ప్రాణి నా కళ్లముందే ఎండిపోతోందని నాకు అన్నం సయించలేదు.

ఒక పొద్దున నీళ్ల డబ్బాతో పైకెక్కితే, బేసిన్‌కు కాస్త అవతల చెలిమె ఉంది.

మోచేతి లోతు గుంట. అడుగున నీళ్లు. చేయి పెడితే చల్లగా ఉన్నాయి. రేగుకంప తీసి పక్కన పెట్టి ఉంది. ఒక అంచున నున్నటి బండపలక. తడి మట్టిలో చిన్న చిన్న గిట్టల గుర్తులు.

ఆ గుట్ట మీద నీరు నిలవదు. మొక్కకు బిందెడు పోసినా చూస్తుండగానే ఇంకిపోతుంది. మల్లయ్య కాకను అడిగితే, "నేనెందుకు తోడుత బిడ్డా? ఉన్న డ్యూటీ చేసుడే నాతోని అయితలేదు" అన్నాడు. ఆయన బద్ధకం తెలిసిన ఎవరైనా ఆ మాట నమ్ముతారు. బండపలక సంగతి నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

ఆ పొద్దునే బీట్ ఆఫీసరమ్మ వచ్చింది. నీళ్లు ముంచి చూసి, "గింత పైన ఎట్ల ఊరినయక్కా?" అని నన్నే అడిగింది. కెమెరా కట్టి ఇద్దరం దిగివచ్చాం.

ఎండ నెత్తిమీదికి వచ్చింది. కింద షెడ్డులో టిఫిన్ డబ్బా విప్పి, మళ్లీ మూత పెట్టేశాను. లేచి గుట్ట ఎక్కడం మొదలుపెట్టాను. ఎవరున్నారని వెళ్తున్నానో నాకు తెలుసు. అది ఇక్కడ రాయడానికి కూడా సిగ్గేస్తోంది. సగం ఎక్కాక కాళ్లు ఆగిపోయాయి. నా అలికిడికి గొర్రె బెదిరిపోతే ఇంక నీళ్లకు రాదు. వెనక్కి దిగాను.

మర్నాడు ఫొటోలు చూసి సూపర్‌వైజర్ సార్ నాలుగు కొమ్ములూ వేలుపెట్టి లెక్కపెట్టుకున్నాడు. సాయంత్రానికల్లా కుంట వైపు జాలీ తీయించాడు. గొర్రె ఇప్పుడు కుంటకు వస్తోంది, బాగానే ఉంది. జాలీ తీసిన తర్వాత వెళ్లి చూస్తే చెలిమె ఎండిపోయి ఉంది. నా చేతులతో ఇంకా లోతుకు తవ్వాను. పొడి మట్టే వచ్చింది.

అడుగున బంకమట్టి పొర ఉండి పోయినేటి వాన నీళ్లు నిలిచి ఉండొచ్చు. బండపలక పాత వాగుదే అయ్యుండొచ్చు, ఊరంతా ఆ మట్టిలోనే కదా ఉంది. కంప, పిట్టలు తెచ్చిన గింజలకు మొలిచిన రేగుదే అయ్యుండొచ్చు. ఒక్కొక్కటిగా అన్నింటికీ జవాబు చెప్పగలను. అవన్నీ ఒకేచోట, ఆ వరుసలో ఎలా చేరాయంటే మాత్రం నాకు తెలియదు.

కెమెరాలో ఒక ఫొటో ఉంది. నేను సగం ఎక్కి దిగివచ్చిన మధ్యాహ్నానిది. గొర్రె బండపలక మీద ముందు కాళ్లు పెట్టి నిలబడింది. మూతి నుంచి నీళ్లు కారుతున్నాయి. తల ఎత్తి పక్కకు చూస్తోంది, మనిషి ముఖం ఉండేంత ఎత్తుకు. చెవులు ముందుకు వాల్చి ఉన్నాయి. అక్కడ ఎవరూ లేరు. ఆకు కదిలితే పారిపోయే జీవి, బెదరకుండా మెడ చాచి ఉంది.

"ఎవలనో గుర్తువట్టినట్టు చూస్తున్నది గదక్కా" అంది బీట్ ఆఫీసరమ్మ. బాపు పోయినప్పటి నుంచి నాకు ఒక్కసారి కలలో కూడా కనిపించలేదు. ఆ ఫొటో చూస్తే ఇప్పటికీ ఆ గొర్రె మీద కుళ్లు పుడుతుంది.

అది నీళ్లు తాగాలనే ఆ రోజు దిగివచ్చాను. మళ్లీ అలాంటి మధ్యాహ్నం వస్తే దిగివస్తానా అంటే, చెప్పలేను.