ఉమ్మడి గోడలో గర్డరు

కారు కొన్నప్పుడు అన్నయ్యా నేనూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. నేను కారు కిందికి దూరితే అన్నయ్య పక్కన గొంతుక్కూర్చుని పానాలు అందించేవాడు. నాన్నగారు పోయాక ఇల్లు పంచుకున్నాం. కారు నా వాటాకు వచ్చింది. హాలు మధ్య నుంచి కారు షెడ్డు చివరిదాకా గోడ కట్టి తీరాలని పట్టుబట్టింది నేనే. ఎందుకంత కోపం వచ్చిందో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. పెద్దమనుషులు పంపకాల కాగితంలో ఒక మాట రాయించారు: గోడ ఇద్దరిదీ, ఒకరు ఒప్పుకోకుండా రెండోవారు దానికి చిల్లు పెట్టకూడదు.

ఆ తరువాత మా మధ్య మాటల్లేవు. మరుసటి ఏడు నా భార్య పోయింది. అన్నయ్య వచ్చి అరుగు మీద కాసేపు కూర్చుని వెళ్ళాడు. నన్ను పలకరించలేదు. నేనూ నోరు విప్పలేదు. పిల్లలు లేరు. ఇంట్లో నాతో మాట్లాడేది వంటావిడ ఒక్కతే, అదీ ఉప్పు సరిపోయిందా అని అడగడానికి. అందుకే కారుకు జబ్బు లేకపోయినా వైద్యం చేస్తూ ఉండేవాణ్ణి.

పడుకుని పని చేస్తే నడుము పట్టేస్తోందని, కారు కింద నిలబడేందుకు షెడ్డులో గొయ్యి తవ్విద్దామనుకున్నాను. మా ఇల్లు ఏలూరులో కొల్లేటి వైపు పల్లంలో ఉంది. తవ్వడానికి కొల్లేటికోట నుంచి వచ్చిన పెద్దాయన పలుగు కింద పెట్టి, “ఇక్కడ గొయ్యి నిలవదండి బాబుగారూ, వానలొస్తే ఊటెక్కుద్దండి” అన్నాడు. నడి వేసవి, నేల నెర్రెలు విచ్చి ఉంది. ఆయనకు ఒళ్ళు వంగక చెబుతున్నాడనుకుని తవ్వించాను. శ్రావణానికి గొయ్యి అంచుదాకా నిండింది.

“చేపపిల్లలు కూడా చేరాయండి. ఇంకో నెలాగితే పులుసుకి పనికొస్తాయి” అంది వంటావిడ.

అప్పుడు తాడేపల్లిగూడెం నుంచి రైసుమిల్లు ఫిట్టరును పిలిపించాను. గొయ్యి పూడ్పించి కారునే పైకెత్తుదామన్నాడు. మద్రాసు నుంచి తెప్పించిన పుస్తకంలో లిఫ్టు బొమ్మ చూపించాను. నాలుగు స్తంభాలు, అటొక చేతిపిడి, ఇటొక చేతిపిడి. రెండూ ఒక్కసారే తిప్పాలి, లేకపోతే కారు ఒరిగిపోతుంది.

“ఇది ఇద్దరుండే ఇంటికండి” అన్నాడు. అతను మామూలుగానే అన్నాడు కానీ నాకు ఎక్కడో తగిలింది. పుస్తకం మూసేశాను.

చివరికి షెడ్డుకు అడ్డంగా ఇనప గర్డరు వేసి దానికి గొలుసు కప్పీ వేలాడదీయడం కుదిరింది. మిల్లులో ఇంజన్లను అలాగే ఎత్తుతారట, ఒక్కరే లాగవచ్చట. ముందు భాగం ఎత్తి చక్రాల కింద దిమ్మలు పెట్టాలి, ఆపైన వెనక భాగం.

“గోడ జోలికి వెళ్ళొద్దండి. రెండు పక్కలా స్తంభాలు కట్టేద్దాం” అన్నాడు ఫిట్టరు.

“వద్దు, ఒక కొస గోడలోకే దించండి.”

“మరి అన్నగారిని అడగాలి కదండీ?”

“అడగండి” అన్నాను. స్తంభానికి ఇటుకలు లేక కాదు. ఆ అడగడం కోసమే నాకు ఆ గోడ కావాల్సి వచ్చింది.

అన్నయ్య అభ్యంతరం లేదన్నాడట. గోడ పలచన కాబట్టి గర్డరు కొసను అవతలికి తీసి, అక్కడ ఇనప పలక వేసి బోల్టులు బిగించాలి. ఫిట్టరు వీధిలోంచి చుట్టు తిరిగి అటు వెళ్ళాడు. నేను ఇటు నిచ్చెనెక్కి గర్డరు పట్టుకున్నాను. చిల్లులోంచి చూస్తే పలక పట్టుకుని అన్నయ్య కనిపించాడు. చెవుల పక్క జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. తప్పు నాదే అన్నయ్యా, అని చెప్పడానికి పొద్దుట నుంచీ మాటలు కూర్చుకుని ఉన్నాను.

“కాస్త ఎడమకి జరపమనండి” అన్నాడు అన్నయ్య, ఫిట్టరుతో.

జరిపాను.

“ఇంకొంచెం పైకెత్తమనండి.”

ఎత్తాను. గంటసేపు అలా చెప్పింది చెప్పినట్టు చేశాను. అంత సంతోషంగా నేను ఈమధ్య ఏ పనీ చేయలేదు. కూర్చుకున్న మాటలు మాత్రం బయటికి రాలేదు.

గర్డరు చుట్టూ పిడికిలి పట్టేంత సందు మిగిలింది. సున్నంతో పూడుస్తానన్నాడు ఫిట్టరు. ఉండనివ్వమన్నాను.

గర్డరు రెండో కొస కింద కట్టిన స్తంభం ఆరాక, ఫిట్టరు చెప్పిన రోజున ఒక్కణ్ణే గొలుసు లాగాను. కారు ముందు చక్రాలు మెల్లగా నేలను వదిలాయి. సందు వైపు తిరిగి, “లేచింది అన్నయ్యా” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అవతల చెప్పుల చప్పుడు ఆగింది. కాసేపటికి చెప్పులు దూరంగా వెళ్ళిపోయాయి.

మర్నాడు పొద్దున్న అటు నుంచి తాపీ గీకుతున్న చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే అన్నయ్య సందు పూడ్చేస్తున్నాడు. పచ్చి సున్నం నా వైపుకు ఉబికి వచ్చింది. నిచ్చెన వేసుకుని పైకెక్కి, దాన్ని నా చేత్తోనే చదును చేశాను.